మెల్బోర్న్‌లో తెలుగు పెళ్ళి: పంతులుగారు, సెలబ్రెంట్ ఇద్దరినీ ఒకే మండపంలో ఎలా కుదర్చాలి?

కాకినాడ_కాజా

అందరికీ నమస్కారం. వచ్చే మాఘమాసంలో నా పెళ్ళి. మాది కాకినాడ, నేను మెల్బోర్న్‌లో ఉద్యోగం చేస్తున్నాను, అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగిన ఆస్ట్రేలియన్. అమ్మానాన్న, మేనత్త, బాబాయి వాళ్ళు విజిటర్ వీసా మీద వస్తున్నారు. యారా వ్యాలీలో ఆరుబయట మండపం వేసి మన పద్ధతిలోనే చేయాలని అనుకున్నాం, అబ్బాయి వాళ్ళకి కూడా అదే ఇష్టం. ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో వచ్చింది. మా పంతులుగారికి ఇక్కడి చట్టం ప్రకారం పెళ్ళి చేసే అనుమతి లేదు, ఆ మాట ఆయనే మొదట్లోనే చెప్పారు. కాబట్టి ఆ అనుమతి ఉన్న సెలబ్రెంట్‌ని మాట్లాడుకోవాలి.

ఇంట్లో టెన్షన్ అక్కడే మొదలైంది. "మంత్రాలతో పెళ్ళి అయ్యాక ఇంకొకరు వచ్చి మళ్ళీ పెళ్ళి చేయడమేంటి, ఒక్క పిల్లకి రెండు పెళ్ళిళ్ళా" అని అమ్మ. "ముందే ఒకరోజు వెళ్ళి సంతకాలు పెట్టేసి రండి, బంధువులకి చెప్పక్కర్లేదు" అని నాన్న. నాకు రెండూ మింగుడుపడటం లేదు. చట్టం ముందు మేం మొగుడూ పెళ్ళాలం అయ్యే క్షణం అమ్మానాన్న చూడకుండా జరిగిపోవడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి పెళ్ళి చేసుకున్నవాళ్ళు, చేయించినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. కాగితాలు ఎప్పుడు మొదలుపెట్టాలి, సెలబ్రెంట్ భాగం మన తంతులో ఎక్కడ పెట్టాలి, అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?

పాయింట్‌కుక్_ప్రభు

ముందుగా శుభాకాంక్షలు అమ్మా. నా సలహా మీ నాన్నగారి మాటే. సిటీలో స్ప్రింగ్ స్ట్రీట్‌లో ఓల్డ్ ట్రెజరీ బిల్డింగ్ ఉంది, విక్టోరియా మ్యారేజ్ రిజిస్ట్రీ అక్కడే. చాలా అందమైన పాత భవనం. వారం మధ్యలో ఒకరోజు ఇద్దరు సాక్షుల్ని తీసుకెళ్ళి పూర్తి చేసుకోండి. పెళ్ళిరోజున పంతులుగారు, భజంత్రీలు, భోజనాలు, ఫొటోలు చూసుకోవడానికే సమయం చాలదు, మధ్యలో ఇంకో తంతు ఎందుకు? మేం అలాగే చేశాం, ఏ ఇబ్బందీ లేదు.

టార్నీట్_శ్రీదేవి

ప్రభు అన్నయ్యా, మీకు కుదిరింది, మంచిదే. కానీ ఆ అమ్మాయి "అమ్మానాన్న చూడకుండా వద్దు" అని స్పష్టంగా రాసింది కదా.

వెంట్‌వర్త్‌విల్_అక్క

నేను సిడ్నీలో రిజిస్టర్డ్ సివిల్ సెలబ్రెంట్‌ని. తెలుగు, తమిళ, పంజాబీ, ఆంగ్లో కుటుంబాల పెళ్ళిళ్ళు చేయిస్తుంటాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదువు చెల్లీ.

ఇక్కడ పెళ్ళిని నడిపేది 1961 నాటి మ్యారేజ్ యాక్ట్. అది ఫెడరల్ చట్టం, కాబట్టి మెల్బోర్న్ అయినా సిడ్నీ అయినా ఒకటే. అనుమతి ఉన్న మతగురువులు, రాష్ట్ర రిజిస్ట్రీ అధికారులు, మాలాంటి సివిల్ సెలబ్రెంట్లు మాత్రమే పెళ్ళి చేయించగలరు. 1973లో అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ సివిల్ సెలబ్రెంట్లని నియమించడం మొదలుపెట్టారు, అంతకుముందు గుడి, చర్చి వద్దనుకున్నవాళ్ళకి రిజిస్ట్రీ ఆఫీసు ఒక్కటే దారి. మన పూజారుల్లో కూడా కొందరికి అనుమతి ఉంటుంది, అటార్నీ జనరల్ శాఖ వెబ్‌సైట్లో పేరు వెతికితే తెలిసిపోతుంది. లేనివారు ఎంత శాస్త్రోక్తంగా చేయించినా ఇక్కడి చట్టం దాన్ని పెళ్ళిగా లెక్కలోకి తీసుకోదు.

మొదటి పని, పెళ్ళి చేసుకోబోతున్నామని ఇచ్చే నోటీసు. మేం దాన్ని నోయిమ్ అంటాం. పెళ్ళికి కనీసం ఒక నెల ముందు ఆ ఫారం సెలబ్రెంట్ చేతికి అందాలి, పద్దెనిమిది నెలలకు మించి ముందు ఇవ్వకూడదు. నెల కంటే తక్కువ ఉంటే ప్రత్యేక అధికారి దగ్గర అనుమతి తీసుకోవాలి. వైద్యం, ఉద్యోగం, ప్రయాణం, పెళ్ళి ఏర్పాట్లు లాంటి కొన్ని కారణాలకే ఇస్తారు, ఇస్తారన్న గ్యారంటీ లేదు. ముహూర్తం ఖాయమైందంటే ఆ వారమే సెలబ్రెంట్‌తో మాట్లాడెయ్యి, మాఘమాసం శనివారాలు త్వరగా నిండిపోతాయి.

మన తెలుగువాళ్ళకి ఆ ఫారంలో చిక్కు వచ్చేది పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయాలి. కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో ఉంటుంది, కొందరికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. ఇంకోటి, అమ్మ పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు. అమ్మ కాగితాలన్నీ నాన్న ఇంటిపేరుతోనే ఉంటాయి కాబట్టి అప్పటికప్పుడు స్పెల్లింగ్ ఎవరికీ గుర్తుకురాదు. ముందే ఫోన్ చేసి అడిగి రాసిపెట్టుకో. ఇవన్నీ రేపు బీడీఎం, అంటే జనన మరణ వివాహాల రిజిస్ట్రీ రికార్డులోకి వెళ్తాయి, ఒక అక్షరం తేడా ఉన్నా తర్వాత దిద్దించుకోవడం పెద్ద పని.

రెండో పని, సెలబ్రెంట్ మీ ఇద్దరినీ విడివిడిగా, ఎదురెదురుగా కూర్చుని కలవాలి. 2024 జూన్ నుంచి ఇది తప్పనిసరి. ఫారం మీద సంతకం వీడియో కాల్‌లో చూసి సాక్ష్యం వేయవచ్చు, కానీ ఈ కలయిక మాత్రం వీడియోలో కుదరదు. నిన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టి "ఇది నీ ఇష్టంతోనే జరుగుతోందా, ఎవరైనా ఒత్తిడి చేస్తున్నారా" అని అడుగుతారు. దానికి అమ్మావాళ్ళు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇక్కడ బలవంతపు పెళ్ళి 2013 నుంచి నేరం. ఆ ప్రశ్న అడిగినప్పుడు నిజం చెప్పగలిగిన ఆడపిల్లలు ఉన్నారు, అందుకే నేను దాన్ని మొక్కుబడిగా ఎప్పుడూ అడగను.

తంతులో ఎక్కడ పెట్టాలో ఇంకో పోస్ట్‌లో రాస్తాను, ఇప్పుడు ఒక పెళ్ళి రిహార్సల్‌కి వెళ్ళాలి.

కర్నూల్_కుర్రోడు

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు పోయిన ఏడాది కర్నూలులో పెళ్ళయింది, వీసా కోసం అక్కడే రిజిస్టర్ కూడా చేయించాం. ఇప్పుడు భార్య వచ్చింది. ఇక్కడి స్నేహితులందరి ముందు ఒకసారి సెలబ్రెంట్‌ని పెట్టి ఆస్ట్రేలియా సర్టిఫికెట్ కూడా తీసుకుంటే అన్నిచోట్లా పనికొస్తుందని అనుకుంటున్నాం. అవుతుందా?

వెంట్‌వర్త్‌విల్_అక్క

తమ్ముడూ, అవ్వదు, అవసరం కూడా లేదు. ఇండియాలో చెల్లిన పెళ్ళి ఇక్కడా చెల్లుతుంది. ఒకసారి చట్టబద్ధంగా పెళ్ళయినవాళ్ళు మళ్ళీ అదే మనిషిని ఇక్కడ చట్టబద్ధంగా పెళ్ళి చేసుకోవడం కుదరదు. స్నేహితుల ముందు ఒక వేడుక చేసుకోవచ్చు, సెలబ్రెంట్ మాట్లాడవచ్చు, దండలు మార్చుకోవచ్చు. కానీ ఇది చట్టపరమైన పెళ్ళి కాదని స్పష్టం చేయాలి, పెళ్ళి సర్టిఫికెట్ ఏదీ ఇవ్వకూడదు. ఎవరైనా "నేను ఇప్పిస్తాలే" అంటే వాళ్ళ జోలికి వెళ్ళకు.

ఇంకో మాట, ఇది చాలామంది పట్టించుకోరు. ఇండియాలో రిజిస్టర్ చేయించలేదు కాబట్టి పెళ్ళి కాలేదని అనుకుంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, సప్తపది ఉన్న ఆచారంలో ఏడో అడుగు వేయగానే పెళ్ళి పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. కాబట్టి ఇద్దరూ హిందువులై "ముందు అన్నవరంలో పెళ్ళి చేసుకుని వచ్చి తర్వాత మెల్బోర్న్‌లో లీగల్‌గా చేసుకుంటాం" అంటే నేను ఒప్పుకోలేను, అప్పటికే వాళ్ళు దంపతులు. తిరగేసి చేస్తే సమస్య లేదు, ఇక్కడ చట్టబద్ధంగా చేసుకుని ఊరికి వెళ్ళి శాస్త్రప్రకారం చేసుకోవచ్చు.

కర్నూల్_కుర్రోడు

చాలా థ్యాంక్స్ అక్కా. అడిగి మంచి పని చేశాను, డబ్బు మిగిలింది. వేడుక మాత్రం చేసుకుంటాం.

గోదారి_గట్టు

నేను మాట్లాడేది వేరే పరిస్థితి, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. మా ఆయన రాజమండ్రిలో ఉండగా 300 వీసాకి అప్లై చేశాం, అంటే పెళ్ళి చేసుకోబోయేవాళ్ళ వీసా. దానికి సెలబ్రెంట్ దగ్గర నుంచి పెళ్ళి తేదీ, స్థలం ఉన్న లెటర్ అడుగుతారు. మా సెలబ్రెంట్ ఎంత మంచివారంటే, వీసా ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి తేదీ జరపాల్సి వస్తుందని ముందే చెప్పి, జరిపిన ప్రతిసారీ కొత్త లెటర్ ఇచ్చారు. నోయిమ్ మీద మొదట నేను ఒక్కదాన్నే సంతకం పెట్టాను, ఆయన సంతకం పెళ్ళికి ముందు పడితే చాలు, నెల లెక్క మాత్రం మొదలైపోతుంది. కావాలంటే ఊళ్ళోనే నోటరీ పబ్లిక్ ముందు కూడా పెట్టవచ్చు. సెలబ్రెంట్‌తో మాట్లాడేటప్పుడు వీసా సంగతి మొదటి రోజే చెప్పేయండి. పెళ్ళి సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన పార్ట్‌నర్ వీసా వచ్చేయదు, కలిసి బతుకుతున్నారన్న రుజువులు వేరే అడుగుతారు.

వరంగల్_టు_వెరిబీ

విడాకులు తీసుకున్నవాళ్ళ సంగతి కూడా ఎవరైనా చెప్పాలి కదా, నేనే చెప్తా. నాది రెండో పెళ్ళి. మొదటిది వరంగల్ కోర్టులో ముగిసింది. సెలబ్రెంట్ ఆ డిక్రీ చూడందే పెళ్ళి చేయించరు, సర్టిఫైడ్ కాపీ తెప్పించుకోండి. తెలుగులో ఉన్న కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. ఇక్కడి కోర్టులో విడాకులు తీసుకుంటే తీర్పు ఇచ్చిన ఒక నెల ఒక రోజుకి గానీ అది అమల్లోకి రాదు, ఆ లోపు పెళ్ళి పెట్టుకోకూడదు. నోటీసు మాత్రం ముందే ఇచ్చుకోవచ్చు. మా సెలబ్రెంట్ ఈ విషయాలన్నీ తలుపు వేసి, గొంతు తగ్గించి, ఎంతో గౌరవంగా అడిగింది. మన బంధువుల్లో ఈ విషయం ఎత్తితే ఎలాంటి మొహాలు పెడతారో తెలిసినవాళ్ళకి ఆ గౌరవం విలువ తెలుస్తుంది.

పాయింట్‌కుక్_ప్రభు

వరంగల్ అన్నా, మీరు ధైర్యంగా రాసినందుకు సంతోషం.

నేను నా మాట మీదే ఉన్నాను గానీ ఒక సందేహం. ఆ చట్టం మాటలు ఇంగ్లిష్‌లో గంభీరంగా ఉంటాయి, పెద్దవాళ్ళకి అర్థం కావు, అందరూ వాచీలు చూసుకుంటారు. మండపంలో అది అతకదేమో అనిపిస్తుంది.

వెంట్‌వర్త్‌విల్_అక్క

ప్రభు గారూ, అతికేలా చేయడమే సెలబ్రెంట్ పని. అది చేతకాని సెలబ్రెంట్‌ని పెట్టుకోకండి.

చట్టం అడిగేది నిజానికి చాలా కొంచెం. సెలబ్రెంట్ తనకు అనుమతి ఉందని చెప్పి, మీరు అడుగుపెడుతున్న బంధం ఎంత గంభీరమైందో, ఎంత కట్టుబడి ఉండాల్సిందో గుర్తుచేయాలి. ఆస్ట్రేలియా చట్టం ప్రకారం పెళ్ళి అంటే ఇంకెవరికీ చోటు లేకుండా, ఇద్దరు మనుషులు, తమ ఇష్టంతో, జీవితాంతం కోసం కలవడం అని చెప్పాలి. ఆ మాటలు సెలబ్రెంటే పలకాలి, పంతులుగారో మేనమామో పలికితే కుదరదు. తర్వాత మీరిద్దరూ ఒకరి తర్వాత ఒకరు, ఇక్కడున్న వారందరూ సాక్షిగా ఫలానావారిని నా భర్తగా, నా భార్యగా స్వీకరిస్తున్నానని నోటితో చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు నిండిన ఇద్దరు సాక్షులు అక్కడే ఉండి చూడాలి, వినాలి. ఆ మాటలు పూర్తికాగానే పెళ్ళి అయిపోయినట్టు, సంతకాలు దానికి రుజువు. మొత్తం కలిపి అయిదు నిమిషాలు పట్టదు.

నేను తెలుగు పెళ్ళిళ్ళలో ఎక్కువగా తలంబ్రాలు అయ్యాక పెడతాను. జీలకర్ర బెల్లానికి ముందు తెర అడ్డం ఉంటుంది, ముహూర్తం హడావిడి ఉంటుంది, పంతులుగారి చూపంతా గడియారం మీదే. ఆ సమయంలో మేం అడ్డు వెళ్ళకూడదు. తలంబ్రాలు అయ్యేసరికి అందరూ నవ్వుతూ ఉంటారు, జంట పక్కపక్కన కూర్చుని ఉంటుంది, మైకు అక్కడే ఉంటుంది. కొందరు ఏడడుగులు కూడా అయ్యాక పెట్టమంటారు, అదీ బాగుంటుంది. భోజనాల తర్వాత మాత్రం వద్దు, సగం మంది వెళ్ళిపోతారు.

పంతులుగారితో ముందే కూర్చుని మాట్లాడాలి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. చాలామంది జంటలు సెలబ్రెంట్‌ని, పంతులుగారిని పెళ్ళిరోజు ఉదయం మొదటిసారి పరిచయం చేస్తారు. అది ఇద్దరికీ అవమానం. వారం పదిరోజుల ముందు ఒక ఫోన్ కాల్‌లో ముగ్గురూ వరుస రాసుకుంటే చాలు. పంతులుగారు ఏ మంత్రం దగ్గర ఆగుతారో సెలబ్రెంట్‌కి తెలియాలి. భజంత్రీలకి కూడా ముందే చెప్పాలి, ఆ అయిదు నిమిషాలు మేళం ఆగాలి. నాదస్వరం మధ్యలో సాక్షులకి మీ మాట వినపడకపోతే ఏం లాభం?

పెద్దవాళ్ళ కోసం తెలుగు. మీ ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు కాబట్టి చట్టపరంగా దుబాసి అక్కర్లేదు. పెళ్ళికొడుకుకో పెళ్ళికూతురికో ఇంగ్లిష్ అర్థం కాకపోతే అది వేరు, అప్పుడు దుబాసి తప్పనిసరి, ఆయన ముందుగా డిక్లరేషన్, తర్వాత నమ్మకంగా అనువదించానని సర్టిఫికెట్ కూడా రాసివ్వాలి. అతిథుల కోసం అయితే మీ బాబాయో మేనత్తో ప్రతి వాక్యం తర్వాత తెలుగులో చదవవచ్చు. నేను చూసినంతవరకు "ఇష్టంతో, జీవితాంతం" అన్న మాట తెలుగులో మైకులో వినపడగానే వాచీలు చూసుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. మన అమ్మమ్మల కాలంలో పెళ్ళికూతుర్ని ఎవరూ ఆ మాట అడగలేదు. ఇప్పుడు అందరి ముందు ఆ అమ్మాయి తన గొంతుతో ఒప్పుకుంటోంది. అది ఎక్కడో ఆఫీసులో, ఎవరూ లేనప్పుడు జరిగిపోవడం నాకు బాధగా ఉంటుంది, అదీ నా అభిప్రాయం.

టార్నీట్_శ్రీదేవి

అక్కా, చివరి మాటలు చదివి కళ్ళు చెమర్చాయి.

కాజా, ఇంకో రెండు చిన్న సంగతులు. సంతకాల కోసం మండపం పక్కన చిన్న టేబుల్, కుర్చీ పెట్టించు. మా అక్క పెళ్ళిలో చేతులనిండా జీలకర్ర బెల్లం జిగురు, పసుపు, మూడు సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టాలి, అందుకని తడిగుడ్డ, పొడిగుడ్డ రెండూ దగ్గర పెట్టుకున్నాం. పెళ్ళికి అడ్డంకులేమీ లేవని ఇచ్చే డిక్లరేషన్ మీద కూడా సంతకం ఉంటుంది, అది ముందురోజు రిహార్సల్‌లో చేయించుకుంటే ఉదయం ఒక పని తగ్గుతుంది. పెళ్ళిరోజు పాత పేరుతోనే సంతకం పెట్టు, పేరు మార్చుకోవాలనుకుంటే అది తర్వాతి సంగతి. పెళ్ళయినంత మాత్రాన పేరు దానంతట అదే మారిపోదు.

వరంగల్_టు_వెరిబీ

యారా వ్యాలీ అన్నావు, ఆరుబయట అన్నావు, మాఘమాసం అన్నావు. హోమం సంగతి ఆలోచించావా చెల్లీ? అది విక్టోరియాలో నడి వేసవి. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజు ఆరుబయట నిప్పు రాజేయకూడదు, అగ్నిహోత్రానికి మినహాయింపు ఉంటుందని అనుకోవద్దు. బ్యాన్ ఎక్కువగా ముందురోజు సాయంత్రమే ప్రకటిస్తారు, అప్పటికి మండపం కట్టేసి ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా ఫైర్ డేంజర్ పీరియడ్‌లో, అంటే మంటల ముప్పు ఉండే కాలంలో షరతులుంటాయి, అక్కడి కౌన్సిల్‌ని, వెన్యూవాళ్ళని ఇప్పుడే అడుగు. లోపల హాలు ఉంటే దాన్ని కూడా బుక్ చేసి ఉంచుకో. లోపల చేస్తే పొగ అలారం ఆపించాలి, అది వెన్యూవాళ్ళతో కాగితం మీద రాయించుకో. అలారం మోగి ఫైరింజన్ వస్తే బిల్లు మనకే వేస్తారు.

కాకినాడ_కాజా

వరంగల్ అన్నా, హోమం సంగతి నాకు అసలు తట్టలేదు. ఇప్పుడే వెన్యూకి మెయిల్ పెట్టాను, లోపల బార్న్ లాంటి హాలు ఉందట, ఖాళీగా ఉంటే ఇస్తామన్నారు.

అక్కా, మీరు రాసినది నిన్న రాత్రి అమ్మకి వీడియో కాల్‌లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే ఆవిడ పెళ్ళి చేయదా, మీరిద్దరూ అందరి ముందు మాటిచ్చుకుంటారా" అని అడిగింది. అవునన్నాను. "అది మన పెళ్ళిలో భాగమే కదా, ఇంకో పెళ్ళి ఎలా అవుతుంది" అని తనే అంది. నాన్న మాత్రం సాక్షిగా తనే సంతకం పెడతానని పట్టు పడుతున్నారు. కన్యాదానం చేసిన తండ్రి సాక్షి సంతకం పెట్టవచ్చా?

వెంట్‌వర్త్‌విల్_అక్క

తప్పకుండా పెట్టవచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండి, అక్కడ జరుగుతున్నది చూసి అర్థం చేసుకోగలిగితే చాలు, ఆస్ట్రేలియా పౌరుడై ఉండక్కర్లేదు. నాన్నగారికి ఇంగ్లిష్ తడబాటు ఉంటే ముందురోజే సెలబ్రెంట్‌తో కూర్చోబెట్టి ఏ మాటలు వస్తాయో చెప్పించు. రెండో సాక్షి అబ్బాయి వైపు నుంచి పెట్టుకుంటే బాగుంటుంది, వాళ్ళమ్మగారిని అడుగు.

సెలబ్రెంట్‌ని ఎంచుకునేటప్పుడు మొదటి ఫోన్‌లోనే అడుగు, హిందూ పెళ్ళిలో ఎప్పుడైనా చేశారా, పంతులుగారితో ముందే మాట్లాడతారా, చెప్పులు విప్పి మండపం ఎక్కుతారా, ముహూర్తం అటూ ఇటూ అయితే ఎంతసేపు ఆగుతారు. ఒకేరోజు రెండో పెళ్ళి ఒప్పుకున్నవాళ్ళయితే మన తంతు ఆలస్యమైతే కంగారుపడతారు. ఫీజు ఎంత, అందులో రిహార్సల్ ఉందా, మైకు వాళ్ళదేనా అన్నది రాతపూర్వకంగా తీసుకో. తెలుగు వచ్చినవాళ్ళే కావాలని పట్టు పట్టకు. మన పద్ధతిని గౌరవించి, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న తెల్లవాళ్ళు చాలామంది ఉన్నారు.

కాకినాడ_కాజా

అలాగే అక్కా. ఒక్క ప్రశ్న మిగిలింది. పెళ్ళిరోజు చేతికిచ్చే సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు ఆఫీసు పనులు అవుతాయా? అమ్మావాళ్ళు తిరిగి వెళ్ళేలోపు ఒక కాపీ ఊరికి పంపాలని ఉంది.

గోదారి_గట్టు

ఆ రోజు ఇచ్చేది ఫ్రేమ్ కట్టించుకోవడానికి బాగుంటుంది గానీ చాలా ఆఫీసులు దాన్ని ఒప్పుకోవు. సెలబ్రెంట్ పధ్నాలుగు రోజుల్లోగా కాగితాలు బీడీఎంకి పంపాలి. అక్కడ రిజిస్టర్ అయ్యాక నువ్వే ఆన్‌లైన్‌లో అప్లై చేసి, ఫీజు కట్టి, అసలు సర్టిఫికెట్ తెప్పించుకోవాలి. అమ్మావాళ్ళ టికెట్ తేదీ చెప్పి, ఆలస్యం చేయకుండా మర్నాడే పంపమని సెలబ్రెంట్‌ని అడుగు, చాలామంది ఆన్‌లైన్‌లోనే పంపేస్తారు. రెండు కాపీలు తెప్పించుకో, ఒకటి అమ్మకిచ్చి పంపు.